ఎర్ర వీపులు, నీలి వీపులు

డాక్టర్ జుసారా సంచిలోంచి రెండు రంగు డబ్బాలు తీసి కొట్టం గోడ మీద పక్కపక్కనే పెట్టింది. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. సహకార సంఘం కొట్లో ఆ పూట మిగిలినవి ఆ రెండే. పందిపిల్లల వీపుల మీద గుర్తు పెట్టడానికి ఏ రంగైతేనేం అనుకుని తెచ్చేసింది. ఆమె సెయరా నుంచి, అంటే దేశానికి ఆ కొసన ఉన్న ఎండ ప్రాంతం నుంచి వచ్చిన పశువైద్యురాలు. ఈ కొండల్లోకి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆమెను తప్పు పట్టడానికి లేదు.

కొట్టం యజమాని దెల్వీనో ఆ డబ్బాల వైపు చూశాడు. అతని బావమరిది ఒలీవో కూడా చూశాడు. తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"డాక్టరమ్మా, సూది వేసిన పిల్లలకి ఏ రంగండీ?" అని ఒలీవో ఎంతో మర్యాదగా అడిగాడు.

"నీలం. సూది లేని మందు పిస్తోలుతో వేసినవాటికి ఎరుపు."

ఒలీవో టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. దెల్వీనో నేల మీద ఉమ్మేశాడు.

శాంతా కతరీనా రాష్ట్రపు పడమటి కొండల్లో పుట్టిన బిడ్డకు రెండు పనులు తప్పవు. ఒకటి చర్చిలో పేరు పెట్టించుకోవడం, రెండోది పోర్తో అలెగ్రే నగరపు రెండు ఫుట్‌బాల్ జట్లలో ఏదో ఒకదానికి చెందడం. మొదటిదాన్ని పెద్దయ్యాక మార్చుకున్నవాళ్లు ఉన్నారు గాని రెండోదాన్ని మార్చుకున్నవాడిని ఎవరూ ఎరగరు. దెల్వీనో నీలం. ఒలీవో ఎరుపు. ఒలీవో అక్క, అంటే దెల్వీనో భార్య జెలిందా కూడా ఎరుపే. ఆ పెళ్లప్పుడు రెండు వైపులా పెద్దలు మతం గురించి ఒక్క మాటా అడగలేదు గాని జట్టు గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆమె ఎర్ర కండువా ఇంట్లో ఉండవచ్చు, ముందు గదిలో మాత్రం ఉండకూడదు. అందుకని అది వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది. జెలిందా పోయిన చలికాలంలో పోయింది.

పందిపిల్లలకు సూదులు వేయడం ఆమె పని. పిల్లను ఎడమ చంకలో పెట్టుకుని, దాని చెవిలో ఒకసారి మెల్లగా ఊది, అది ఇదేమిటా అని ఆలోచించుకునేలోపు మెడలో సూది దించి తీసేసేది. ఆమె పోయాక ఆ పని దెల్వీనో మీద పడింది. అతని కుడి బొటనవేలు కీలు అరిగిపోయింది. రెండు ఈతల పిల్లలకు వేసేసరికి వేలు వంగదు, చెయ్యి వణుకుతుంది. మొన్నటి విడతలో కొన్ని పిల్లలకు మందు సగమే దిగింది, కొన్నిటికి అసలు దిగనే లేదు, దెల్వీనో తొడకు మాత్రం రెండుసార్లు దిగింది. నెల తిరిగేసరికి కొట్టమంతా దగ్గు. దెల్వీనోకు మాత్రం దగ్గు రాలేదని ఒలీవో ఊరంతా చెప్పుకొచ్చాడు.

సంఘంవాళ్లు మంచిగానే చెప్పారు. టీకాలు సరిగ్గా పడని కొట్టాల్లో సంఘం పెంపకానికిచ్చిన తల్లి పందుల్ని ఉంచలేమని, వాటిని లోయలో ఉన్న పెద్ద కొట్టానికి తరలిస్తామని, దెల్వీనో హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చని. విశ్రాంతి అంటే ఏమిటో దెల్వీనోకు తెలుసు. తెల్లారి లేచేసరికి కొట్టంలో తల్లి పందులు తిండికోసం పెట్టే గోల ఉండదు. ఇల్లు ఇప్పటికే ఒకవైపు నిశ్శబ్దంగా ఉంది. ఆ రెండోవైపు కూడా మాట పడిపోతే తను ఎటు తిరిగి పడుకోవాలో అతనికి తెలియలేదు. ఈ సంగతి అతను ఎవరితోనూ అనలేదు.

అప్పుడు డాక్టర్ జుసారా ఈ సూది లేని పిస్తోలు సంగతి ఎత్తింది. మెడకు ఆనించి మీట నొక్కితే మందు సన్నటి ధారగా చర్మంలోకి దూసుకుపోతుంది. బొటనవేలితో పని లేదు. ఒక్కో ఈతలో సగం పిల్లలకు సూది, సగానికి పిస్తోలు వేసి, వేరువేరు అరల్లో ఒకే మేత పెట్టి పెంచి, చివర తూకం వేసి చూడాలి.

"పిస్తోలు గెలవక్కర్లేదు దెల్వీనో గారూ. వెనకబడకపోతే చాలు. చిన్న కొట్టాలకి ఇప్పించమని సంఘాన్ని నేనడుగుతా. మీ పందులు మీ దగ్గరే ఉంటాయి" అంది.

దెల్వీనో జీవితమంతా ఫుట్‌బాల్ చూసినవాడు. అందులో "గెలవ..." అన్న ముక్కే అతని చెవికెక్కింది, మిగతాది కొట్టం రేకుల మీదుగా ఎగిరిపోయింది. అంటే ఎరుపు గెలవాలన్నమాట. తన పందులు తన దగ్గర ఉండాలంటే తన కొట్టంలో, తన కళ్లముందు, నీలం ఓడిపోవాలి.

"రంగులు అటుదిటు మార్చకూడదాండీ?" అని అడిగాడు.

"ఎందుకు?" అంది డాక్టరమ్మ, నిజంగానే అర్థంకాక.

ఎందుకో చెబుదామనుకుని, అతను వంగి బూటు తాడు బిగించుకున్నాడు. చదువుకున్న మనిషి, నవ్వుతుంది.

టీకాల రోజు నీలం వంతు ముందు వచ్చింది. ఒలీవో పిల్లను పట్టుకున్నాడు, డాక్టరమ్మ సూది వేసింది. ఆ అరుపుకు చెట్టు మీద కాకులు లేచిపోయాయి. ఒకదాని అరుపు విని రెండోది, రెండోదాని అరుపు విని తల్లులన్నీ.

"నీలంవాళ్లు ఆట మొదలవకముందే ఏడుస్తున్నార్రా బావా" అన్నాడు ఒలీవో.

"గొంతుంది గనక అరుస్తున్నాయి. నీవాటి సంగతి చూద్దాం."

ఎర్రవాటి వంతు వచ్చింది. పిస్తోలు టప్పుమంది. పిల్ల ఒకసారి చెవులు దులిపి, ఎవరో తన పేరు పిలిచినట్టు వెనక్కి తిరిగి చూసి, నేల వాసన చూస్తూ వెళ్లిపోయింది. డాక్టరమ్మ పిస్తోలును దెల్వీనో చేతికిచ్చింది. అతను ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోయాడు. చెయ్యి వణికినా మీట మీద నాలుగు వేళ్లూ కలిసి పడుతున్నాయి. ఆఖరి పిల్ల అయిపోయేదాకా బొటనవేలు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చాక అతను దాన్ని ఒకసారి వంచి చూసుకున్నాడు.

"ఏం బావా, ఎరుపు బాగుందా?" అన్నాడు ఒలీవో.

"నోర్ముయ్" అన్నాడు దెల్వీనో.

రెండో వారంలో ఒకనాడు మధ్యాహ్నం భోజనమయ్యాక అతనికి నిద్ర పట్టలేదు. కొట్టం వైపు ఎవరో కూనిరాగం తీస్తున్నారు. వెళ్లి పలకల సందులోంచి చూశాడు. ఎర్రవీపుల అర దగ్గర, తలుపు పక్కన, ఒలీవో ఒక డబ్బాతో నిలబడి తొట్టిలోకి తెల్లటి నీళ్లు వంచుతున్నాడు. వాసనను బట్టి అవేమిటో దెల్వీనోకు తెలిసిపోయింది. పక్కింటి పియెరీనత్త చీజ్ తీయగా మిగిలిన విరిగిన పాల నీళ్లు. పందిపిల్లలకు అంతకు మించిన విందు లేదు. ఒలీవో వంచుతూ ఎర్రజట్టు పాట పాడుతున్నాడు. పిల్లలు మూతులు ముంచి తోకలు ఊపుతున్నాయి.

దెల్వీనో కేకేద్దామని నోరు తెరిచి, మూసుకున్నాడు. ఎర్రవి బరువెక్కితే పిస్తోలు గెలుస్తుంది. పిస్తోలు గెలిస్తే పందులు ఉంటాయి. బావమరిది మోసం చేస్తున్నాడు, ఆ మోసం తనకే లాభం. మాట్లాడకుండా వెళ్లి పడుకోవడం తెలివైన పని. వెళ్లి పడుకున్నాడు.

మూడు రోజులు తెలివిగానే ఉన్నాడు. నాలుగో రోజు పొద్దున్న నీలి అరలో ఒక పిల్ల దడి కన్నంలోంచి మూతి చాపి, అవతలి తొట్టి వాసన పీలుస్తూ కనిపించింది. దాని వీపు మీద నీలిరంగు నిగనిగలాడుతోంది. అది దెల్వీనో వైపు తిరిగి చూసింది. ఆ చూపును అతను ఎరుగును. తమ జట్టు ఆఖరి నిమిషంలో గోలు తిన్నప్పుడల్లా సారా కొట్టు అద్దంలో తన మొహం మీద చూసిందే.

"అట్లా చూడకు" అన్నాడు. అది చూస్తూనే ఉంది.

డబ్బా పట్టుకుని పియెరీనత్త గుమ్మంలో నిలబడ్డాడు.

"పాలనీళ్లా? ఎవరికి?" అందామె, చీజ్ పిండుతున్న చేతులు ఆపకుండా.

"కడుపులో మంటగా ఉంటోంది అత్తా. తాగుదామని."

"డబ్బాడా?"

"మంట ఎక్కువగానే ఉంది."

పియెరీనత్త డబ్బా నింపి ఇచ్చింది.

అప్పటినుంచి తెల్లారుతూనే, ఒలీవో రాకముందే, కిటికీ పక్కనున్న నీలి తొట్టిలో ఒక డబ్బా పాలనీళ్లు పడేవి. మధ్యాహ్నం ఎర్ర తొట్టిలో ఒక డబ్బా పడేది. దెల్వీనో తనకు తానే ఒక సమాధానం చెప్పుకున్నాడు. ఇది పక్షపాతం కాదు, తూకం సరిచేయడం. న్యాయం. అట్లా చెప్పుకుంటూ, తనకు తెలియకుండానే, నీలిజట్టు పాట కూనిరాగం తీసేవాడు. పాట లేకుండా వంచడం ఏదో దొంగతనం చేస్తున్నట్టుండేది. డబ్బా ఖాళీ చేసి ఇంట్లోకి వెళ్లి మాతే ఆకు టీ గిన్నెలో వేణ్ణీళ్లు పోసుకుంటున్నప్పుడు మాత్రం అతనికి తెలివి వచ్చేది. ఒరే గాడిదా, నీ చేత్తో నువ్వే నీ పందుల్ని లోయకు తోలుతున్నావురా. తలుపు వెనక ఎర్ర కండువా వేలాడుతూ ఉండేది. అతను కుర్చీని దానికి వీపు వచ్చేలా తిప్పుకుని కూర్చునేవాడు. మర్నాడు తెల్లారేసరికి మళ్లీ డబ్బా.

తూకం సోమవారం పడింది. దానికి ముందటి ఆదివారమే పోర్తో అలెగ్రేలో రెండు జట్లకూ ఆట జరిగింది. సారా కొట్లో ఒకవైపు బెంచీల మీద నీలం, ఒకవైపు ఎరుపు కూర్చున్నాయి. ఆట చెరో గోలుతో సమానంగా ముగిసింది. రెండు వైపులవాళ్లూ మోసపోయినట్టు మొహాలు పెట్టుకుని ఇళ్లకు పోయారు.

సోమవారం పిల్లలన్నిటినీ అరల్లోంచి మధ్య నడవలోకి వదిలారు. ఎర్రవీ నీలివీ కలిసిపోయి కాళ్లకు అడ్డం పడుతున్నాయి. డాక్టరమ్మ ఒక్కోదాన్నీ తూకం పెట్టెలోకి తోలుతూ అంకె చూసుకుంటోంది. సగం అయ్యేసరికి ఆమె కనుబొమలు పైకి వెళ్లాయి, ఇక దిగలేదు.

"దెల్వీనో గారూ, మీ పిల్లలు ఈ జిల్లాలో ఎవరి పిల్లలకన్నా బరువున్నాయి. రెండు గుంపులూనూ. సూదివి, పిస్తోలువి, దాదాపు సమానం. నేనిట్లాంటిది చూడలేదు. ఏం పెట్టారు?"

"సంఘం మేతే" అన్నాడు దెల్వీనో.

"సంఘం మేతే" అన్నాడు ఒలీవో.

ఇద్దరూ ఒకేసారి అనేసరికి ఇద్దరికీ అనుమానం వచ్చింది.

చూడ్డానికి వచ్చిన పియెరీనత్త గడప మీద కూర్చుని ఉంది. కొట్టంలో రేడియో ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, మనుషుల గొంతుకు పందులు అలవాటు పడాలని. పన్నెండయింది. ఆటల వార్తలు మొదలయ్యాయి. ఆ రేడియోవాళ్లకు ఒక అలవాటు ఉంది. ఆదివారం గెలిచిన జట్టు పాటను సోమవారం మధ్యాహ్నం వేస్తారు. సమానంగా పోతే రెండూ వేస్తారు, అవతలి జట్టు మైదానానికి వెళ్లి ఆడిన జట్టుది ముందు. నిన్న అట్లా వెళ్లింది నీలం.

నీలిజట్టు పాట మొదటి చరణం అందుకుందో లేదో, నీలి వీపులన్నీ ఒక్కసారి తలలెత్తాయి. మరుక్షణం ఎర్రవాటి మధ్యనుంచి తోసుకుంటూ, తూకం పెట్టెలో ఉన్నది కూడా దూకి, కిటికీ పక్కకు పరుగెత్తాయి. అక్కడ వరసగా నిలబడి, దడి అవతలి ఖాళీ తొట్టివైపు మూతులెత్తి, ఎదురుచూశాయి. ఎర్రవి ఒక్కటీ కదల్లేదు.

డాక్టరమ్మ అంకెలు రాసుకుంటున్న అట్ట కిందికి దించింది. పాట అయిపోయింది.

"రేడియో కట్టేస్తా" అన్నాడు ఒలీవో, ఉన్నట్టుండి కంగారుగా.

"ఉండండి" అందామె.

ఎర్రజట్టు పాట మొదలైంది. ఎర్ర వీపులు తలలెత్తాయి. గుంపుగా కదిలి తలుపు దగ్గరకు వచ్చి, ఒలీవో బూట్ల చుట్టూ మూగి, పైకి చూస్తూ నిలబడ్డాయి. అతను కాలు ఎత్తబోయాడు. పెట్టడానికి చోటు లేదు.

డాక్టర్ జుసారా కిటికీ వైపు చూసింది, తలుపు వైపు చూసింది, చివరికి మేకు మీద ఉన్న దెల్వీనో నీలి టోపీనీ, ఒలీవో తల మీది ఎర్ర టోపీనీ చూసింది. ఇన్ని నెలలుగా ఈ కొండల్లో తిరుగుతూ ఆమె గమనించనిదంతా ఆ నిమిషంలో ఆమెకు అర్థమైంది.

"ఏం పోశారు?" అంది.

"పాలనీళ్లు" అంది పియెరీనత్త గడప మీంచి. "ఇద్దరికీ నేనే ఇచ్చా. ఈయనకి కడుపులో మంటట, ఆయనకేమో మొహానికి రాసుకోవడానికట. రోజుకో డబ్బా మొహానికి రాసుకునే మనిషి అట్లా ఉంటాడా చూడు తల్లీ. ఎవరికీ చుక్క ఎక్కువ పొయ్యలేదులే. నాకిద్దరూ ఒకటే. నాది మన చపెకో ఊరి పచ్చజట్టు."

దెల్వీనో బావమరిది వైపు తిరిగాడు. "నువ్వు మొదలుపెట్టావు."

"నువ్వూ పోస్తున్నావని నాకేం తెలుసు" అన్నాడు ఒలీవో. అతని మొహం నిజంగానే ఎర్రబడింది. "ఎరుపు గెలిస్తే పిస్తోలు వస్తుందనుకున్నా. నువ్వేంట్రా బావా, నీలానికి పోస్తావు? పందులు పోతే ఎవర్ని చూసుకుని లేస్తావు పొద్దున్నే?"

పలకల సందులోంచి చూసిన ఆ రోజు నుంచీ, ఒలీవో జట్టు కోసమే పోస్తున్నాడని దెల్వీనో అనుకున్నాడు.

"జట్టు కోసం కూడా అనుకో" అన్నాడు ఒలీవో, నేల చూస్తూ. "నువ్వేం పెద్దగా ఊహించుకోకు."

డాక్టరమ్మ అంకెలు రాసిన కాగితం చింపి జేబులో కుక్కుకుంది. కోప్పడుతుందని అందరూ చూశారు. ఆమె నవ్వును మింగడానికి కొంతసేపు గోడవైపు తిరిగి నిలబడింది.

"ఈ తూకం చెల్లదు. వచ్చే ఈతల పిల్లలతో మళ్లీ మొదటినుంచీ చెయ్యాలి. అందాకా పిస్తోలు ఇక్కడే ఉంటుంది, పందులూ ఇక్కడే. ఈసారి రంగులు వేరే. పచ్చా, పసుపూ."

"పచ్చైతే నా పాలనీళ్లు పచ్చవాటికే" అంది పియెరీనత్త వెంటనే.

"తెలుపు?"

"తెల్లపంది మీద తెలుపేంటండీ" అన్నాడు ఒలీవో.

చివరికి రంగులు వద్దనుకున్నారు. చెవులకు అంకెల బిళ్లలు. సరి అంకె సూదికి, బేసి అంకె పిస్తోలుకు. పియెరీనత్త పాలనీళ్లు అప్పటినుంచీ ఆమె కోళ్లకు. అంతా ఒప్పుకున్నాక, బిళ్లలు వేసే రోజు ఒలీవో ఊరుకోలేకపోయాడు.

"డాక్టరమ్మా, పదో నంబరు చొక్కా ఎవరికొచ్చిందండీ?"

ఆ రెండో విడత తూకం వానాకాలంలో అయింది. ఈసారి రేడియో కట్టేసి ఉంచారు. పిల్లలు జిల్లాలో అందరి పిల్లల్లాగే ఉన్నాయి. డాక్టరమ్మ రెండు మొత్తాలూ రెండుసార్లు చూసుకుంది. దెల్వీనో కుడి చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు. బొటనవేలు గుప్పిట్లో ఉంది.

"తేడా లేదు. సూదివి ఎంతో, పిస్తోలువీ అంతే. దగ్గు రెంటిలోనూ లేదు" అంది.

దెల్వీనో మొహం వాడిపోయింది. "అంటే గెలవలేదు."

"గెలవక్కర్లేదని మొదట్లోనే చెప్పాను కదండీ. వెనకబడలేదు, అది చాలు. సంఘానికి నేను చెప్తాను. పిస్తోలు మీ దగ్గరే ఉంటుంది."

ఈసారి మాట రేకుల మీదుగా ఎగిరిపోలేదు. అతను దాన్ని ఒకటికి రెండుసార్లు మనసులో అనుకుని చూసుకున్నాడు.

"సమానం" అన్నాడు.

"సొంత మైదానంలో సమానమంటే ఓడినట్టే బావా" అన్నాడు ఒలీవో.

"నీ మొహం. పద, పొలెంతా సంకటి చల్లారిపోతుంది."

మర్నాడు పొద్దున్నే తల్లి పందుల గోలకు మెలకువ వచ్చింది. వంటింట్లో కూర్చున్నాడు. కుర్చీ ఎటు తిప్పుకుందామా అని ఒక్క క్షణం ఆగి, ఉన్నచోటే, ఎర్ర కండువాకు ఎదురుగా ఉంచాడు. తర్వాత పిస్తోలు తీసుకుని కొత్త ఈత దగ్గరకు వెళ్లాడు. మొదటి పిల్లను ఎడమ చంకలో పెట్టుకున్నాడు. పిస్తోలుకు ఆ అవసరం లేదని అతనికి తెలుసు, అయినా మీట నొక్కేముందు దాని చెవిలో ఒకసారి మెల్లగా ఊదాడు.

పిల్ల ఇదేమిటా అని ఆలోచిస్తూ ఉండిపోయింది.